గురువమ్మ వేసిన పొద్దుటి డ్యూటీ

“నీ లైటులో దమ్ము నేదు నాయినా, మొగమాటం నేకండా సెప్పీస్తన్నాను. పన్నెండు రోజులైపోనాది. ఎనిమిది ట్యూబులు! పెళ్ళి పందిట్లో కూడా ఇంతెలుగు పెట్టరు. మా ఆయన మాత్రం ఎప్పట్లాగే రాత్రేళ లెగుస్తన్నాడు, కేరేజీ అట్టుకుంటన్నాడు, డ్యూటీకి ఎల్తానంటన్నాడు. నిజం సెప్పు, ఆ డాక్టరమ్మ కాడ గొప్పకి పోయి, రాని పని వొచ్చని సెప్పీసినావేటి?”

తాతబాబు ఇంకా సైకిలుకి స్టాండు కూడా వేయలేదు. గురువమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. అరవై ఏళ్ళ మనిషి, గట్టిగా నాలుగడుగుల పది అంగుళాలుంటుందేమో, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని నిలబడితే మాత్రం ఆవిడ పక్కనుంచి పిల్లి కూడా లోపలికి దూరలేదు.

శ్రీహరిపురంలో ఆ నాలుగు సందులకీ ఫ్యాను ఆగినా, మోటారు కాలినా పిలిచేది తాతబాబునే. కరెంటు పని అతనికి ఎవరూ నేర్పలేదు. పాడైన ఫ్యాన్లు విప్పి, మళ్ళీ బిగించి, చేతిలో మిగిలిపోయిన స్క్రూలు ఎక్కడివో వెతుక్కుంటూ నేర్చుకున్నాడు. అందుకే తన పనిలో తప్పుందంటే అతనికి కోపం రాదు, కుతూహలం వస్తుంది. అదీగాక గురువమ్మ చేత తిట్లు తినడం అతనికి ఇష్టం. తిట్టే ఊపులో ఆవిడ కథలు చెబుతుంది.

“సూద్దాం పద పిన్నీ. ఎలగ కూకోబెడతన్నావో సూపించు.”

ముందు గదిలో అర్జునరావు చెక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, మిగిలిన నాలుగు వెంట్రుకలూ దువ్వుకుని, ఎవరో ఫొటో తీస్తున్నట్టు బుద్ధిగా గోడవైపు చూస్తున్నాడు. అతని వీపు వెనక, రెండు బారల దూరంలో, తాతబాబు చేసిచ్చిన పలక భగభగా వెలుగుతోంది. ఎనిమిది ట్యూబుల కాంతీ పెద్దాయన బట్టతల మీద పడి జారిపోతోంది. ఎదురుగోడ మీద అతని నీడ ఏనుగంత పడింది. ఆ నీడని చూస్తూ చూస్తూ అతను హాయిగా కునుకు తీస్తున్నాడు.

“పిన్నీ, బోర్డు ఎనకాల ఎట్టినావేటి?”

“మరెక్కడెట్టాల?”

“ముందరెట్టాల. మొకం మీద పడాల ఎలుగు. కళ్ళల్లోకెల్లాల.”

గురువమ్మ రెండు చెంపలూ వాయించుకుంది. “ఓలమ్మోలమ్మ! కళ్ళల్లోకా! మతుండే మాటాడతన్నావా? వెల్డరు కళ్ళల్లోకి ఎవులైనా ఎలుగు కొడతారేటి?”

తాతబాబు నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ నిజంగానే భయపడింది.

తప్పు ఆవిడది మాత్రమే అనడానికి లేదు. సీతమ్మధారలో డాక్టర్ ధనశ్రీ దగ్గరికి తండ్రిని తీసుకెళ్ళింది కొడుకు గంగరాజు. దీపాలతో వైద్యమని డాక్టరమ్మ ముందే అనడంతో తాతబాబునీ వెంటపెట్టుకెళ్ళాడు. డాక్టరమ్మ వివరంగానే చెప్పింది. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళకి ఒంట్లో పగలేదో రాత్రేదో లెక్క తప్పుతుంది. రోజూ పొద్దున్నే ఏడు నుంచి తొమ్మిది దాకా పట్టపగలంత వెలుగు ముఖాన పడేలా కూర్చోబెడితే, కొందరిలో ఆ లెక్క మళ్ళీ కుదురుకుంటుంది. కళ్ళు తెరిచి ఉండాలి, ట్యూబుల్నే గుడ్లప్పగించి చూడక్కర్లేదు. సాయంత్రాలు దీపాలు తగ్గించాలి. “గ్యారంటీ ఇవ్వను. రాత్రి నిద్ర మెరుగు పడొచ్చు, పగలు కాస్త తేటగా ఉండొచ్చు. పోయిన జ్ఞాపకాలు తిరిగొస్తాయని మాత్రం అనుకోకండి” అంది. శుక్లాల ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది కదా అని కాగితాలు చూసి, కంటి డాక్టరుతో కూడా సరేననిపించుకుంది. ఎండలో కూర్చోబెట్టకూడదా అంటే, ఆ సందులోకి సూర్యుడు పదకొండు గంటలకి గానీ రాడు. పైగా శ్రావణ మాసం, ముసురు.

ఇంత ఉపన్యాసాన్నీ గంగరాజు ఇంటికి మోసుకొచ్చేసరికి అది ఒక్క ముక్కయింది. “పొద్దున్న రెండు గంటలు లైటు కాడ కూకోబెట్టాలట.” పోర్టులో క్రేను నడిపే మనిషి, మాటలు తక్కువ. తాతబాబు బోర్డు తెచ్చి, గోడకి ఆనించి, వెలుగుతోందని చూసుకుని వెళ్ళిపోయాడు. ఎటువైపు కూర్చోబెట్టాలో గురువమ్మ నిర్ణయించింది. వెల్డరు పెళ్ళాంగా నలభై మూడేళ్ళ కాపురం ఆవిడ చేత ఆ నిర్ణయం చేయించింది.

ఆవిడ పుట్టిల్లు ఆనందపురం. పూలతోట. తెల్లారకముందే మొగ్గలు కోసి బుట్టలకెత్తడం పదేళ్ళకే వచ్చు. పదిహేడో ఏట షిప్‌యార్డు పక్క సందులోకి కాపురానికొచ్చింది. నెల తిరక్కుండానే ఒకరోజు మొగుడు రెండు కళ్ళూ పండు మిరపకాయల్లా చేసుకుని, గోడ తడుముకుంటూ ఇల్లు చేరాడు. తాగొచ్చాడేమోనని నోటి వాసన చూసింది. లేదు. అయితే ఎవరి కోసమో ఏడ్చి వచ్చాడని తేల్చుకుంది. “కళ్ళల్లో ఇసక పోసినట్టున్నాదే” అని అతను మూలుగుతుంటే, “పోసినదాని పేరు సెప్పు ముందు” అని చీపురు తీసింది. పక్కింటి వెల్డరు భార్య పరిగెత్తుకొచ్చి, నల్ల గ్లాసు లేకుండా మంటని చూస్తే ఇలాగే అవుతుందమ్మా అని చెప్పి, బంగాళాదుంప చక్రాలు కోసి అతని కళ్ళ మీద పెట్టింది. మర్నాడు ఆ దుంపల్నే కూర వండి మొగుడికి పెట్టేశానని గురువమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒకటే చట్టం. వెలుగుకి ఎదురు నిలబడకూడదు. పిల్లలు దీపావళికి మతాబు కాల్చినా తల పక్కకి తిప్పుకుని కాల్చాలి. చేతి కింద చేరిన ప్రతి హెల్పరుకీ అర్జునరావు మొదటి రోజే చెప్పే మాట, “మంటని సూడొద్దు, అతుకుని సూడు.” వయసు పెరిగాక అతని పనే అదయింది. ఇతరులు అతికినవాటిని చూడడం, బాగుంటే టిక్కు కొట్టడం, బాగులేకపోతే సుద్దముక్కతో సున్నా చుట్టడం. అందరూ మేస్త్రి అని పిలిచేవారు.

గురువమ్మ పిల్లలు కాస్త ఎదగ్గానే షిప్‌యార్డు గేటు బయట ఇడ్లీ బండి పెట్టి ఇరవై ఆరేళ్ళు నడిపింది. పొద్దుటి షిఫ్టు వాళ్ళ ముఖాలన్నీ ఆవిడకి తెలుసు. మేస్త్రిని పొట్టోడా అని పిలిచిన ఒక ఫిట్టరుకి మాత్రం విడిగా చట్నీ ఉండేది. ఆ చట్నీ తిని అతను ఒక లోటా నీళ్ళు తాగి, రెండో లోటా అడిగేవాడు. ఆవిడ, “నీళ్ళైపోనాయి బావూ” అనేది.

అలాంటి మనిషికి ఇప్పుడు ఒక్కటే దిగులు. ఏడాదిగా అర్జునరావు రాత్రి పగలు చేసుకున్నాడు. చీకటి పడ్డాక అతనికి డ్యూటీ గుర్తొస్తుంది. నాలుగుసార్లు తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగోసారి మల్కాపురం రోడ్డు మధ్యలో కేరేజీ పట్టుకుని నిలబడితే, లారీ డ్రైవరు దిగి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ మర్నాడే గంగరాజు పక్క సందులో గ్రిల్లుల షాపు దొరబాబుకి కొలతలిచ్చాడు. తండ్రి పడుకునే గదికి ఇనప గ్రిల్లు తలుపు. గడియ బయటివైపు.

“నా కొడుకు సెడ్డోడు కాదు తాతబాబూ,” అంది గురువమ్మ ఆ పూట, గొంతు తగ్గించి. “ఆడికీ నిద్ర నేదు. నిద్ర నేకండా క్రేనెక్కుతన్నాడు. గానీ మొగుడ్ని బోన్లో పెట్టి నాను బయట తొంగోవాలా? నెల రోజులు గడువడిగినాను. నీ లైటు పని సేసిందా సరే. నేదంటే గ్రిల్లు బిగించీస్తాడు.”

“ఇప్పటికి పన్నెండు రోజులు మెడకి ఎండ పెట్టినావు పిన్నీ,” అన్నాడు తాతబాబు. “మిగిలినవి మొకానికి పెడదాం.”

బోర్డు ముందుకి తిప్పారు. వెలుగు ముఖాన పడగానే అర్జునరావు కునుకులోంచి ఉలిక్కిపడి లేచాడు. ఒక మాట మాట్లాడకుండా మంచం కిందికి వంగి, ట్రంకుపెట్టె లాగి, అడుగున ఉన్న పాత వెల్డింగ్ షీల్డు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఎనిమిది ట్యూబుల వెలుగుకీ అతని కళ్ళకీ మధ్య నల్ల గ్లాసు.

“సూసినావా,” అంది గురువమ్మ. అందులో బాధ కంటే గర్వమే ఎక్కువ వినిపించింది తాతబాబుకి.

షీల్డు దాచేస్తే కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరు బాబాయ్ అని తాతబాబు బతిమాలితే, “నువ్వు కొత్తగా సేరినావా? నీ మేస్త్రెవుడు?” అని గదమాయించాడు. పాటలు పెట్టారు, పేపరు ఇచ్చారు. పేపరు విప్పి వెలుగుకి అడ్డం పెట్టుకుని దాని నీడలో నిద్రపోయాడు. కోడలు అనూరాధ కేలండర్‌లో ప్రతి తేదీ పక్కనా మామగారు రాత్రి లేచినన్ని గీతలు గీస్తుంది. ఆ వారం ఏ గడిలోనూ నాలుగుకి తక్కువ లేవు.

పద్దెనిమిదో రోజు పొద్దున్న దొరబాబు రిక్షా మీద గ్రిల్లు తెచ్చేశాడు. గడువుకి ఇంకా పన్నెండు రోజులుంది కదా అంటే, “షాపులో సోటు నేదు పిన్నీ, మీ కాడే ఉండనీ” అని ముందు గదిలో గోడకి చేరేసి, నీళ్ళడిగాడు. తాతబాబు అప్పటికి ఒక ట్యూబు మార్చడానికి వచ్చి ఉన్నాడు. దాచిన షీల్డు మళ్ళీ వెతికి పెట్టుకుని వెలుగు ముందు కూర్చున్న అర్జునరావు లేచాడు. గ్రిల్లు దగ్గరికి నడిచాడు. షీల్డు పైకెత్తి నెత్తి మీదికి తోశాడు. ఒక అతుకు దగ్గర ముక్కు ఆనేంతగా వంగి, కళ్ళు ఇంతింత చేసి, బొటనవేలితో రాసి చూశాడు.

“ఎవుడ్రా ఇది కొట్టినోడు?”

దొరబాబు నీళ్ళ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. గురువమ్మ మాత్రం గ్రిల్లుని చూడలేదు, దొరబాబుని చూడలేదు. నెత్తి మీదికెక్కిన షీల్డుని చూసింది. తర్వాత మొగుడి కళ్ళని చూసింది. నలభై మూడేళ్ళుగా తెలిసిన సంగతే. మంట ఉన్నంతసేపే నల్ల గ్లాసు. అతుకు చూడాలంటే గ్లాసు ఎత్తాల్సిందే.

“తాతబాబూ, అటేపట్టుకో,” అంది. ఇద్దరూ కలిసి గ్రిల్లుని ఈడ్చుకొచ్చి ట్యూబుల పలకకి ముందు నిలబెట్టారు. దాని ముందు కుర్చీ వేసింది. మనవడి బడిసంచిలోంచి సుద్దముక్క తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. గొంతు మార్చి, ఎవరో ఆఫీసరులా, “మేస్త్రీ, ఇనస్పెక్షనుకి వొచ్చినాది. పాసో ఫెయిలో సెప్పండి. బేగి కావాలట” అంది.

“బేగంటే కుదరదు,” అన్నాడు అర్జునరావు, కూర్చుంటూ.

ఏడుంబావుకి మొదలుపెట్టినవాడు తొమ్మిదింటికి కూడా లేవలేదు. అరవై నాలుగు అతుకులు. ఒక్కొక్కదాని ముందూ వంగాడు, ఊదాడు, వేలితో తడిమాడు. ట్యూబుల వెలుగంతా కమ్మీల మధ్యనుంచి అతని ముఖాన పడుతూనే ఉంది. అరవై నాలుగింట్లో యాభై ఒకటికి సున్నాలు చుట్టాడు.

దొరబాబు ఉడికిపోయాడు. “ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది పిన్నీ! గాజువాకలో సగం ఇళ్ళకి నా గేట్లే. మతి సరిగా నేని మనిషి గీసిన గీతలకి...”

“మతి నేదు గానీ కళ్ళున్నాయి కదేటి నాయినా,” అంది గురువమ్మ.

“సుత్తియ్యి బావా,” అని దొరబాబు తాతబాబు సంచిలోంచి సుత్తి లాక్కుని, సున్నా చుట్టిన ఒక అతుకు మీద, చూసుకోండి అన్నట్టు ఒకటి వేశాడు. కమ్మీ ఊడి అతని కాలి బొటనవేలి మీద పడింది.

అర్జునరావు తలెత్తలేదు. “పక్కదాన్ని కొట్టక్కర్నేదు. అది ఎల్లుండికి అదే ఊడతాది.”

దొరబాబు ఆ రోజు గ్రిల్లుని రిక్షా మీద వెనక్కి పట్టుకుపోయాడు. సందులో అందరూ చూస్తుండగా, కుంటుకుంటూ.

సాయంత్రం గంగరాజు వచ్చి గ్రిల్లేదని అడిగితే, గురువమ్మ చేతులు తుడుచుకుంటూ, “ఫెయిలైపోనాది” అంది. కొడుకు అర్థం కానట్టు చూశాడు. “ఇనస్పెక్షన్లో ఫెయిలైన సామాను బిగిస్తారేటి? ఎవులూ బిగించరు. మీ నాన్ననడుగు.”

ఆ మర్నాటి నుంచి అదే డ్యూటీ. పొద్దున్న ఏడింటికి గ్రిల్లు వస్తుంది. తొమ్మిది దాటాక సుద్ద సున్నాలతో వెనక్కి పోతుంది. పగలంతా దొరబాబు ఊడగొట్టి, మళ్ళీ అతికి, నునుపు చేసి పంపుతాడు. మొదట పట్టుదలకి పంపాడు, తర్వాత పంతానికి, ఆ తర్వాత ఏమి తప్పుపడతాడో వినాలని తనే కూడా వచ్చి పక్కన పీట వేసుకున్నాడు. “రాడ్డు వొంచి పట్టుకోనేదు,” “ఇక్కడ తొందరపడినావు, ఇంటికాడ కూర మాడతన్నాదేటి?” అని అర్జునరావు అంటుంటే, తల ఊపుతూ వినేవాడు. ఎదురింటివాళ్ళు తమ సైకిలు స్టాండు తెచ్చారు. ఫెయిలు. చివరింటి పోతమ్మ ఇనప స్టూలు తెచ్చింది. దాని మీద కూర్చుని ఇన్నాళ్ళూ ఎలా బతికున్నావమ్మా అని మేస్త్రి ఆవిడ ముఖం వంక జాలిగా చూశాడు.

గురువమ్మకి ఈ రెండు గంటలూ పండగ. ఎందుకంటే పొద్దుటి పూట అర్జునరావుకి ఆవిడ పెళ్ళాం కాదు, గేటు దగ్గర ఇడ్లీల పిల్ల.

“నిన్న సట్నీలో ఉప్పెక్కువేసినావు పిల్లా,” అనేవాడు.

“నీ మీద ద్యాసలో పడిపోనాది మేస్త్రీ.”

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించేవాడు. “అలగనకు. ఇంటికాడ మా ఆడదున్నాది. మాసెడ్డ రాచ్చసి.”

“అవునేటి? కొడతాదా?”

“సీపురు తీస్తాది.”

ఇదంతా ఆవిడ తాతబాబుకి చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోట్లో కుక్కుకునేది. “నా మొగుడు నాతోనే నన్ను మోసం సేస్తన్నాడు నాయినా. ఎవులికి సెప్పుకోను?”

కేలండర్లో గీతలు ఒక్కసారిగా మాయమైపోలేదు. నాలుగు మూడయ్యాయి. ఒకరోజు మళ్ళీ నాలుగు. ఆ తర్వాత రెండు, రెండు, మూడు, ఒకటి. మధ్యాహ్నాలు గంటల తరబడి పడుకునేవాడు ఇప్పుడు అరగంటతో లేస్తున్నాడు. సాయంత్రం ఆరు దాటితే ఇంట్లో చిన్న దీపాలే. అనూరాధ టీవీకి కూడా పక్క గదిలో తెర కట్టింది. నెల ముగిసే ముందు వారంలో ఒక పూట, గ్రిల్లు చూస్తూ చూస్తూ అర్జునరావు తల తిప్పకుండా, “గురువా, మంచినీళ్ళియ్యి” అన్నాడు.

ఏడాది తర్వాత పేరు పెట్టి పిలిచాడు. గురువమ్మ చేతిలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. తర్వాత నీళ్ళిచ్చి, మెల్లగా అడిగిందట, “ఆ ఇడ్లీల పిల్లెలాగుంది?”

“నీకెవులు సెప్పినారే!” అని మేస్త్రి ఉలిక్కిపడి సగం నీళ్ళు చొక్కా మీద పోసుకున్నాడు. కాసేపటికి ఆ సంగతీ మర్చిపోయాడు, ఆవిడ పేరూ మర్చిపోయాడు. డాక్టరమ్మ ముందే చెప్పింది కదా. గురువమ్మకి ఆ ఒక్క పూట చాలు. సందంతా తిరిగి అందరికీ చెప్పొచ్చింది. నీళ్ళ సంగతి కాదు, ఉలిక్కిపడిన సంగతి.

గడువు ఆఖరి రోజు ఆదివారం పడింది. గంగరాజుకి సెలవు. తాపీమేస్త్రికి కూడా కబురు పెట్టి ఉంచాడు. ఏడింటికి గ్రిల్లొచ్చింది. దొరబాబు పీట మీద, తాతబాబు గుమ్మంలో, గంగరాజు గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని.  గురువమ్మ మొగుడి చేతిలోని సుద్దముక్కనే చూస్తోంది.

సున్నాలు బాగా తగ్గాయి. యాభై ఒకటి పోయి తొమ్మిది మిగిలాయి. అర్జునరావు కింది నుంచి పైకి చూసుకుంటూ వచ్చి, గడియ దగ్గర ఆగాడు. లాగాడు, తోశాడు. లోపలి వైపునుంచి చెయ్యి దూర్చి చూశాడు. అందలేదు.

“ఇది ఏ జంతువుకి?” అన్నాడు.

 గురువమ్మ, “జంతువుకి కాదు మేస్త్రీ. ఒక పెద్దాయనకి. రాత్రేళ తిరుగుతాడట. ఎక్కడికైనా ఎల్లిపోతాడని ఇంటోల్లకి బయం” అంది.

“బయమైతే గడియ బయటెడతారా? లోపల పొగొస్తే? నిప్పంటుకుంటే? పడవ అడుగున పన్జేసినోడికి తెలుస్తాది. బయటికి దారి నేని సోట మనిషిని పెట్టకూడదు. అది మొదటి రూలు.” అతని గొంతు గట్టిగా, తేటగా ఉంది. మాట ఎక్కడా తెగలేదు. “ఎవులిచ్చినారు ఈ కొలతలు?”

గంగరాజు చేతులు కిందికి జారాయి. “నానే,” అన్నాడు.

“నువ్వెవులు, కాంట్రాక్టరువా?”

“...ఆఁ.”

“కుర్రోడివి. తెలీక ఇచ్చుంటావు,” అని అర్జునరావు సుద్దముక్కతో గడియ చుట్టూ ఇంత పెద్ద సున్నా చుట్టాడు. దాని పక్కన ఇంకోటి. చాలదన్నట్టు మొత్తం తలుపుకి మూల నుంచి మూలకి అడ్డంగా గీత లాగాడు. “ఫెయిల్. పట్టుకుపో.”

గంగరాజు బయటికి వెళ్ళి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. లోపలికొచ్చి అడిగింది ఒక్కటే, కేలండరేదని. అనూరాధ అందించింది. వెనక నెల గడులూ, ఈ నెల గడులూ పక్కపక్కన పెట్టి చూశాడు. తాపీమేస్త్రి ఇంటికి తనే వెళ్ళి రావొద్దని చెప్పొచ్చాడు. రాత్రిపూట వీధి తలుపుకి గంట కట్టమని తాతబాబుకి పురమాయించాడు. తలుపు కదిలితే మోగే గంట. గడియ వద్దన్నాడు.

ఇక్కడితో గురువమ్మ గెలిచినట్టే. తాతబాబు కూడా అలాగే అనుకున్నాడు. పది రోజుల తర్వాత గంట సరిగా మోగుతోందా అని కనుక్కోవడానికి వచ్చేసరికి, ఆవిడ అరుగు మీద చెంపన చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. లోపల ట్యూబులు వెలుగుతున్నాయి. కుర్చీ ఖాళీ. గోడ పక్కన గ్రిల్లు, దాని నిండా టిక్కులు. మంచం మీంచి అర్జునరావు గురక.

“ఏటైంది పిన్నీ? ఎనిమిదన్నా కానేదు, తొంగున్నాడేటి?”

“కొంప మునిగిపోనాది నాయినా. దొరబాబు బాగుపడిపోనాడు.”

తాతబాబు పీట లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ చెప్పుకుంటూ పోయింది. ఇన్నాళ్ళూ మేస్త్రి పక్కన కూర్చుని దొరబాబు పనిలో దిట్టయిపోయాడు. గడియ కూడా లోపలివైపుకి మార్చి అతికాడు. నిన్న పొద్దున్న రెండే సున్నాలు. ఇవాళ ఒక్కటీ లేదు. అరవై నాలుగింటికీ పావుగంటలో టిక్కులు పెట్టేసి, దొరబాబు భుజం తట్టి, “డ్యూటీ అయిపోనాది” అని లేచి వెళ్ళి పడుకున్నాడు. పొద్దున్న ఇలా పడుకుంటే రాత్రికి మళ్ళీ కేరేజీ పడతాడు. దొరబాబు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఈ గ్రిల్లుని షాపు ముందర నిలబెట్టి, మేస్త్రి పాస్ చేసిన తలుపని బోర్డు రాయిస్తాడట. గంగరాజేమో, మనకక్కర్లేదు కదా, అతన్నే ఉంచుకోమన్నాడు.

“నాను ఆ గ్రిల్లు వొద్దని అన్నాళ్ళూ మొత్తుకున్నాను. ఇప్పుడు కావాలంటన్నాను. మావోడు నవ్వుతన్నాడు. సైకిలు స్టాండ్లూ స్టూళ్ళూ అయిపోనాయి, ఈ సందులో ఇనప సామాను సూడనిది నేదు. ఏటి సూపించి కూకోబెట్టీది ఈయన్ని?”

“మరేటి సేద్దాం?”

గురువమ్మ లోపలికి తొంగి చూసి, గురక వినిపిస్తోందని రూఢి చేసుకుని, దగ్గరికి జరిగింది.

“నువ్వు దొరబాబు కాడికెల్లు. గ్రిల్లు రిక్షా మీద పంపిస్తన్నాను, ఎనకాలే వొస్తాది. ఓ ఇరవై అతుకులు ఊడగొట్టమను. మళ్ళీ అతకమను. ఇప్పట్లాగ కాదు, ఎనకటిలాగ. ఆడి పాత సెయ్యి మరిసిపోయుంటే, కళ్ళు మూసుకుని కొట్టమను. ఆడికి రోసమొస్తాది, రానీ. నాను బతిమాలినానని సెప్పు. అన్నీ ఒక్కపాలే సెడగొట్టీకండా రోజుకి ఇరవై సొప్పున మార్సి మార్సి సెడగొట్టాలని సెప్పు. రేపు ఏడుకల్లా ఇక్కడుండాల. లెగు, బేగెల్లు నాయినా, ఈయన లేసేలోపు.”